మంత్రగత్తె కన్నీటి ఖరీదు

అమ్మాయీ,

కథ అందింది. రెండుసార్లు చదివాను. మంత్రగత్తె అపార్ట్‌మెంట్‌లో అద్దెకు దిగడం, పై ఫ్లాట్ కుర్రాడి మీద మనసు పడటం... అక్కడి దాకా బాగా నవ్వించావు. ఆ తర్వాత ఎనిమిది పేజీల్లో పదకొండు మాయలు. లెక్కపెట్టాను. ఐదోదానికే ఆవలింత వచ్చింది.

నీ కాగితాలు పక్కన పెట్టి, మొన్న రాత్రి ‘బెల్, బుక్ అండ్ క్యాండిల్’ మళ్లీ చూశాను. జాన్ వాన్ డ్రూటెన్ నాటకాన్ని 1958లో హాలీవుడ్‌వాళ్లు సినిమాగా తీశారు. న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్, క్రిస్మస్ ముందు రాత్రి. మంత్రగత్తెగా వేసిన కిమ్ నోవాక్ ఆఫ్రికా మాస్కులు, కొయ్యబొమ్మలు అమ్మే కొట్టు నడుపుతుంటుంది. అదే బిల్డింగ్ పై అంతస్తులో పబ్లిషర్‌గా వేసిన జేమ్స్ స్టూవర్ట్ దిగుతాడు. అవును, నీ కథలానే ఉంది. కాపీ కొట్టావని అనడం లేదులే. కానీ ఒకసారి చూడు.

అందులో ఆ అమ్మాయి మంత్రం ఎందుకు వేస్తుందో గమనించు. ప్రేమతో కాదు, కక్షతో. అతను పెళ్లాడబోయేది కాలేజీలో తన మీద చాడీలు చెప్పిన అమ్మాయినని తెలుస్తుంది. ఆ చాడీల పిల్లకు ఉరుములంటే భయమని అప్పట్లో మంత్రం వేసి ఉరుములు రప్పించిన ఘనురాలు మన హీరోయిన్! ఇక ఊరుకుంటుందా? పైవాక్కెట్ అనే సియామీ పిల్లిని ఒళ్లోకి తీసుకుని, అతన్నే చూస్తూ గొంతులో సన్నగా కూనిరాగం తీస్తుంది. అంతే. పొగ లేదు, మెరుపు లేదు. పిల్లి కళ్లు, ఆమె కళ్లు, ఆ రాగం. తర్వాత చూస్తే తెల్లవారుజామున ఫ్లాటైరన్ అనే ఎత్తైన బిల్డింగ్ మీద ఇద్దరూ ఉంటారు. అతను టోపీ తీసి కిందికి విసిరేస్తాడు. అది గాల్లో తేలుతూ వీధిలోకి పడేదాకా కెమెరా దాన్నే చూస్తుంది. పెద్దమనిషికి మతి పోయిందని ఒక్క డైలాగ్ అయినా ఉందా? టోపీ చెప్పేసింది. నువ్వేమో ఆ పని మీద పేజీన్నర ఖర్చుపెట్టావు.

చిల్లర మాయలు అందులోనూ ఉన్నాయనుకో. ఆమె తమ్ముడిగా వేసిన జాక్ లెమన్ వీధిలో నడుస్తూ సరదాకి దీపాలు ఆర్పేస్తుంటాడు. అంత శక్తి పెట్టుకుని చేసేది ఇదా అని నవ్వొస్తుంది. వాడి గుణం కూడా అక్కడే తెలిసిపోతుంది.

అసలు కిటుకు షరతులో ఉంది. మంత్రగత్తెకు కన్నీళ్లు రావు, సిగ్గుతో బుగ్గలు ఎర్రబడవు. ప్రేమలో పడిందా, శక్తి పోతుంది. ఇది మనకు ముందే చెప్పేస్తారు. అందుకే చివర్లో ఆమె చెంప మీద తడి కనబడితే ఒళ్లు ఝల్లుమంటుంది. నీ హీరోయిన్ రెండో పేజీలో ఒకసారి, ఏడో పేజీలో ఒకసారి ఏడ్చింది. ఇక పదో పేజీలో ఏడిస్తే ఎవరు పట్టించుకుంటారు?

నాకు నచ్చనివీ ఉన్నాయి. స్టూవర్ట్‌కి 50 ఏళ్లు, నోవాక్‌కి 25. అదే ఏడాది వచ్చిన ‘వెర్టిగో’ సినిమాలో ఈ జంట ఒళ్లు గగుర్పొడిపిస్తే, ఇక్కడ కొన్ని ముద్దు సీన్లలో నేను వాచీ చూసుకున్నాను. పైగా శక్తి పోగానే ఆ మాస్కులన్నీ మాయమై, కొట్టు నిండా సముద్రపు గవ్వలు వచ్చేస్తాయి. కుర్రతనంలో చూసినప్పుడు అది సుఖాంతం అనుకున్నాను. ఈసారి మాత్రం ఆ మాస్కులు ఏమయ్యాయా అని బెంగపడ్డాను. పిల్లి కూడా ఆమెను వదిలి పోతుంది. ఇంత పోగొట్టుకున్నది ఆమె ఒక్కతే. అతను కోల్పోయింది టోపీ! నీ కథలోనూ లెక్క ఇలాగే తేలింది. కుర్రాడి చేత కూడా ఏదో ఒకటి వదిలించు.

ఇంకొకటి. ఆ సినిమా పేరు చర్చిలో మనిషిని వెలివేసే పాత తంతులోంచి వచ్చింది. గంట కొట్టి, గ్రంథం మూసి, కొవ్వొత్తి ఆర్పేవాళ్లు. సినిమావాళ్లు దాన్ని హాయిగా నవ్వుగా మార్చుకున్నారు. మన దగ్గర అంత తేలిక కాదమ్మా. చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు ఇప్పటికీ పేపర్లో చదువుతున్నాం. నీ ఆరో పేజీలో, ఆ పిల్ల నానమ్మను చూసి ఊరివాళ్లు తలుపులు వేసుకున్నారని ఒక్క వాక్యం రాసి ముందుకెళ్లిపోయావు. పదకొండు మాయలూ మర్చిపోయాను కానీ ఆ తలుపుల చప్పుడు ఇంకా వినబడుతోంది. అక్కడికి వెనక్కి వెళ్లు. ఆ నానమ్మ గుమ్మంలో కాసేపు కూర్చో. నవ్వు పోతుందేమోనని టెన్షన్ పడకు, నవ్వించడం నీకు ఎలాగూ చేతనవును.

మాయలు రెండుంచు చాలు. ఏవి ఉంచాలో నన్ను అడగకు. తిరగరాశాక మళ్లీ కాగితం మీదే పంపు, ఫోన్‌లో చదివితే కళ్లు లాగుతున్నాయి. సంక్రాంతికి ఇటు వస్తే ఆ సినిమా నా దగ్గరే చూద్దువుగాని. పిల్లి కూడా ఉంది మా ఇంట్లో, మంత్రాలేవీ రావు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు