రేడియేషన్ ఇవ్వబోయి ఆపేశారు... భయపడాలా?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక రేడియేషన్ ఇస్తున్నారు. మొన్న టేబుల్ మీద పడుకోబెట్టి, స్కాన్ తీసి, ఏదో తేడా ఉందంటూ దించేశారు. కాసేపయ్యాక మళ్లీ ఇచ్చారు. మెషిన్‌లో లోపమా? డోసు ఎక్కువైతే మాకెలా తెలుస్తుంది?

జవాబు: తేడా కనిపించి ఆపారంటే అక్కడ చూసేవాళ్లు చూస్తున్నట్టే. పడుకున్న తీరు కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా ఆ స్కాన్‌లో తెలుస్తుంది. సరిచేశాకే బీమ్ (రేడియేషన్ కిరణం) వేస్తారు. హడావుడిగా కానిచ్చేసే చోటే నాకు భయం.

ఇలాంటి ప్రమాదాలు అరుదు. జరిగినవాటిలో కొన్ని లెక్క తప్పడంతోనో, రోగి మాట వినకపోవడంతోనో పెద్దవైనవే. 1996లో కోస్టారికాలో కోబాల్ట్‌తో రేడియేషన్ ఇచ్చే మెషిన్ డోసు కొలిచేటప్పుడు 0.3 నిమిషాన్ని 30 సెకన్లుగా తీసుకున్నారు. నిజానికది 18 సెకన్లే. ఆ ఒక్క పొరపాటుతో వందమందికి పైగా రోగులకు ఎక్కువ డోసు పడింది. అంతకుముందు 1985-87 మధ్య అమెరికా, కెనడాల్లో థెరాక్-25 అనే మెషిన్ ఆరుగురికి విపరీతమైన డోసు ఇచ్చింది. పాత మోడళ్లలోని హార్డ్‌వేర్ రక్షణ తీసేసి సాఫ్ట్‌వేర్‌నే నమ్ముకున్నారు. కాలిందని రోగి మొత్తుకున్నా, మెషిన్ అలా చేసే అవకాశమే లేదని కొట్టిపారేశారు. అందుకే ఇప్పుడు ఒకరు వేసిన ప్లాన్‌ను ఇంకొకరు విడిగా లెక్కకట్టి చూస్తారు, రోజూ రోగులు రాకముందే మెషిన్ డోసు కొలుస్తారు.

రోజూ పేరు, పుట్టిన తేదీ అడిగితే అమ్మగారిని విసుక్కోవద్దనండి. వాళ్లు చదివితే తలూపడం కాదు, తానే చెప్పాలి. రేడియేషన్ ఎక్కడ పడాలో తెలిసేలా ఒంటి మీద పెట్టిన గుర్తులు చెరిగిపోతే ఇంట్లో పెన్నుతో దిద్దకండి (ఇది చాలామంది చేస్తారు), అక్కడివాళ్లకే చెప్పండి. ఏదైనా తేడాగా అనిపిస్తే కదలకుండా నోటితో చెప్పాలి. గదిలో మైకు, కెమెరా ఉంటాయి.

ఇక డోసు సంగతి. రెండు మూడు వారాలకు చర్మం ఎర్రబడటం, నల్లబడటం, దురద, నీరసం మామూలే. మొదటి రోజుల్లోనే బొబ్బలు లేచినా, ట్రీట్‌మెంట్ జరుగుతుండగా చురుక్కుమన్నా, షాక్ కొట్టినట్టున్నా తర్వాతి సిట్టింగ్ దాకా ఆగకండి, అదే రోజు డాక్టర్‌కు చెప్పండి. అయితే చర్మాన్ని బట్టి డోసు తేల్చలేం. తక్కువ పడితే పైకి ఏ గుర్తూ ఉండదు, అది కూడా నష్టమే. కాబట్టి రేపు వెళ్లినప్పుడు, మొన్న వచ్చిన తేడా ఏమిటి, ఆపేలోపు బీమ్ ఏమైనా పడిందా, రికార్డులో రాశారా అని అడగండి.