పెళ్లి విందులో ‘నగుమోము గనలేని’ పాడించవచ్చునా?

నమస్కారమండీ. ఎం.వి.పి. కాలనీలో జరగబోయే మీ అమ్మాయి పెళ్లి విందులో పాడించడానికి ‘నగుమోము గనలేని’ కీర్తనను ఎంచుకుంటే, అది ఏడుపు పాటని మీ పెద్దమ్మగారు అడ్డుచెప్పారని రాశారు. ఆవిడ మాటే నిజం. రాముడి చిరునవ్వును వర్ణించే పాటగా దీనిని చాలామంది భావించడానికి ఆభేరి రాగపు హాయి కారణం కావచ్చు గాని, త్యాగరాజస్వామి ఇందులో ఆ ముఖాన్ని చూడలేక అలమటిస్తూ, తన దైన్యం తెలిసి కూడా రక్షించడానికి రావేమని రాముణ్ణి నిలదీస్తున్నారు. చరణం వింటే సందేహం తీరిపోతుంది: నీ ఆనతి విని గరుత్మంతుడు వెంటనే బయలుదేరలేదా, లేక ఆకాశానికీ భూమికీ చాలా దూరమన్నాడా అని అడుగుతారు. (ఆలస్యాన్ని వాహనం మీదికి నెట్టడంలోని చమత్కారం నాకు మహా ఇష్టం.) ఆ వెంటనే, జగాలనేలే పరమాత్మా, ఇక ఎవరితో మొరపెట్టుకోను అంటారు.

మీరు మనసులో అనుకున్నది బహుశా మధ్యమావతి రాగంలోని ‘నగుమోము గలవాని’ అయి ఉంటుంది. అదీ త్యాగరాజ కృతే, రాముణ్ణి ఆనందంగా కొనియాడేది. పాడేవారికి అది రాకపోతే ‘సీతాకల్యాణ వైభోగమే’ పాడించండి, పెద్దమ్మగారు కూడా గొంతు కలుపుతారు.