పాఠకుల ప్రశ్నలు: మ్యూజియం వస్తువుకు వెబ్‌లో చిరునామా

ప్రశ్న: ఆరేళ్లుగా ఒక ఆన్‌లైన్ వ్యాపార సంస్థలో వెబ్ డెవలపర్‌గా పనిచేస్తున్నాను. ఇటీవల ఒక సాంకేతిక మ్యూజియంలో అదే పనికి ఎంపికయ్యాను. అక్కడ సందర్శన వేళలు మార్చడం, టిక్కెట్ల పేజీ చూసుకోవడం తప్ప పెద్దగా పని ఉండదనీ, చేరితే వృత్తిలో వెనుకబడిపోతాననీ మిత్రులు హెచ్చరిస్తున్నారు. వారి మాటలో నిజమెంత?

జవాబు: వేళల పేజీని తేలికగా తీసుకోకండి. సెలవని తెలియక మూసిన తలుపు ముందు పిల్లలతో నిలబడిన కుటుంబానికి మీ వెబ్‌సైట్‌లో అంతకంటే ముఖ్యమైన పేజీ మరొకటి ఉండదు. అయితే దానికి పట్టే సమయం తక్కువే. మిగిలిన కాలమంతా మీరు కుస్తీ పట్టేది సేకరణల కేటలాగుతో. మ్యూజియంలోకి వచ్చిన ప్రతి వస్తువుకూ ఒక నమోదు సంఖ్య ఇచ్చి, దాని పేరు, తయారీదారు, కాలం, కొలతలు, ఎవరి ద్వారా వచ్చిందీ, ఇప్పుడు ఏ అరలో ఉందీ అనే వివరాలను లోపలి డేటాబేసులో భద్రపరుస్తారు. దాత చిరునామా, బీమా విలువ, దాచిన గది వంటి వివరాలు బయటకు పొక్కకుండా చూస్తూ, మిగిలినవాటిని ఎవరైనా వెతికి చదువుకోగల పేజీలుగా మలచడం మీ అసలు పని. అంగడి సైట్‌లో సరుకు అయిపోతే పేజీని తీసేస్తారు. ఇక్కడ వస్తువు ప్రదర్శనశాల నుంచి గోదాముకు వెళ్లిపోయినా, దాని పేజీ ఉన్నచోటనే ఉండాలి.

ఇది మీకు అలవాటైన డేటాబేసు పనే కదా అనిపించవచ్చు. ఒక ఉదాహరణ చూడండి. ఆంగ్ల గణిత శాస్త్రవేత్త చార్లెస్ బాబేజ్ 1847, 1849 మధ్య డిఫరెన్స్ ఇంజిన్ నంబర్ 2 అనే లెక్కల యంత్రానికి రేఖాచిత్రాలు గీశారు గాని, యంత్రాన్ని నిర్మించలేకపోయారు. లండన్‌లోని సైన్స్ మ్యూజియం ఆ చిత్రాల ఆధారంగా, ఆయన ద్విశత జయంతి సంవత్సరమైన 1991లో గణన భాగాన్నీ, 2002లో ముద్రణ భాగాన్నీ పూర్తిచేసింది. ఇలాంటి వస్తువుకు ‘కాలం’ అనే గడిలో ఏ సంవత్సరం రాస్తారు? తయారీదారు బాబేజా, మ్యూజియమా? ఒక వస్తువుకు ఒక తేదీ, ఒక కర్త అని అనుకొని గీసిన పట్టిక ఇక్కడే చీలిపోతుంది. అందువల్లనే మ్యూజియంల కోసం రూపొంది, 2006లో ఐఎస్‌ఓ 21127 అనే అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడిన సిడాక్ సీఆర్‌ఎం అనే నమూనా, వివరాలను నేరుగా వస్తువుకు అంటించకుండా సంఘటనల ద్వారా చెబుతుంది: రూపకల్పన ఒక సంఘటన, నిర్మాణం మరొకటి, మ్యూజియానికి చేరడం ఇంకొకటి, ప్రతిదానికీ దాని కాలం, దాని మనుషులు. ఆ నమూనాను మీరు పూర్తిగా అమలుచేయనవసరం లేదు, చాలామంది చేయరు కూడా. దాని ఆలోచనా పద్ధతి ఒంటబడితే చాలు.

ఈ రంగంలో కొత్తగా ఉన్నప్పుడు నేను కాలం గడిని అంకెలకే పరిమితం చేసి, ‘బహుశా 1930ల చివర’ అంటూ క్యూరేటర్లు (సేకరణల బాధ్యత చూసే నిపుణులు) ఏళ్ల తరబడి ఆచితూచి రాసిన మాటలన్నిటినీ ఒక్క రాత్రిలో ఖాళీ గడులుగా మార్చేశాను. బ్యాకప్ ఉండబట్టి బయటపడ్డాను. అప్పటినుంచి క్యూరేటర్ మాటను ఉన్నదున్నట్టుగా ఒక గడిలో ఉంచి, వెతకడానికీ వరుస పెట్టడానికీ మాత్రమే మొదటి సంవత్సరం, చివరి సంవత్సరం అనే రెండు అంకెలను పక్కన చేరుస్తున్నాను. ‘బహుశా’ అన్న మాట కూడా సమాచారమే.

పేర్లతో మరో చిక్కుంది. యూనివాక్ అనే తొలినాటి కంప్యూటర్‌ను రూపొందించిన ఎకర్ట్, మాక్లీల సంస్థను 1950లో రెమింగ్టన్ రాండ్ కొనుక్కుంది. 1955లో అది స్పెర్రీతో కలిసి స్పెర్రీ రాండ్ అయింది. 1986లో స్పెర్రీ, బరోస్ ఏకమై యూనిసిస్‌గా మారాయి. ఒకే వంశపు యంత్రాలు కేటలాగులో నాలుగు ఇంటిపేర్లతో కనిపిస్తాయి, వెతికేవారికి మాత్రం వాటిలో ఏదో ఒకటే గుర్తుంటుంది. అందువల్ల ఏ పేరుతో వెతికినా మిగిలినవాటికి దారి చూపే పేర్ల జాబితాను క్యూరేటర్లతో కూర్చొని తయారుచేసుకోవాలి. ఎనియాక్ అనే మరో తొలినాటి కంప్యూటర్ సంగతి ఇంకా విచిత్రం: 40 పలకలతో గదంతా నిండిన ఆ యంత్రపు భాగాలు ఇప్పుడు అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియంతో పాటు, అది పుట్టిన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోనూ, ఇతర చోట్లా విడివిడిగా ఉన్నాయి. మీ మ్యూజియంలో అలాంటి పలక ఒకటి ఉంటే, అది తనంతట తాను ఒక వస్తువూ అవుతుంది, మీ దగ్గర లేని మరో వస్తువులో భాగమూ అవుతుంది. పేజీ ఈ రెండింటినీ చెప్పగలగాలి.

ఇక చిరునామా. మంచి వెబ్ చిరునామా మారకూడదని వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే వాదించారు. మ్యూజియంలో అది సలహా కాదు, బాధ్యత. పరిశోధకులు తమ వ్యాసాల్లో, పిల్లలు తమ ప్రాజెక్టుల్లో మీ పేజీని ఉదహరిస్తారు. కాబట్టి చిరునామాలో విభాగం పేరు, ప్రదర్శనశాల పేరు, వాడుతున్న సాఫ్ట్‌వేర్ గుర్తులు ఏవీ చొరబడనివ్వకండి, అవన్నీ మారేవే. నమోదు సంఖ్యనో, దానికి ముడిపడిన స్థిరమైన మరో సంఖ్యనో ఆధారం చేసుకోండి.

మీ మిత్రుల మాటలో కొంత నిజం లేకపోలేదు. నిర్ణయాలు నెమ్మదిగా జరుగుతాయి, ప్రతి కొత్త ఫ్రేమ్‌వర్క్ వెంటా పరుగెత్తే అవకాశం ఉండదు. దాన్ని వెనుకబాటు అనాలా అన్నది మీరే తేల్చుకోండి. నా మటుకు, డేటాను ఎలా ఆలోచించాలో ఎక్కువ నేర్చుకున్నది ఈ పనిలోనే.

ప్రశ్న: మా మ్యూజియం వెబ్‌సైట్‌లో 2004లో ఫ్లాష్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌తో చేసిన కొన్ని ఆటలు ఉన్నాయి. ఇప్పుడు ఏ బ్రౌజర్‌లోనూ తెరుచుకోవు. పై అధికారులు తీసేయమంటున్నారు. తీసేయవచ్చా?

జవాబు: పేజీని మార్చవచ్చు, ఫైళ్లను మాత్రం తుడిచేయకండి. దాని యజమాని అయిన అడోబీ సంస్థ, ఫ్లాష్‌కు మద్దతును 2020 డిసెంబరు 31తో ముగించి, 2021 జనవరి 12 నుంచి ప్లేయర్‌లో ఆ ఫైళ్లు నడవకుండా అడ్డుకట్ట వేసింది. అయినా, ఫ్లాష్‌ను అనుకరించే రఫిల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వెబ్‌అసెంబ్లీ (బ్రౌజర్‌లో ప్రోగ్రాములను వేగంగా నడిపే ఏర్పాటు) సాయంతో ఇప్పటి బ్రౌజర్లలోనే పాత ఫైళ్లను నడుపుతోంది. మీ ఆటలు 2004 నాటివి కావడం ఒక అదృష్టం: రఫిల్‌ను బాగా ఇబ్బందిపెట్టే యాక్షన్‌స్క్రిప్ట్ 3 అనే ఫ్లాష్ ప్రోగ్రామింగ్ భాష వచ్చింది 2006లో, కనుక మీ ఫైళ్లలో అది ఉండే వీలు లేదు. ముందు ఒక ఆటతో ప్రయత్నించి చూడండి. నడిచినా నడవకపోయినా, బ్రౌజర్‌లో నడిచే ఎస్‌డబ్ల్యూఎఫ్ ఫైళ్లతో పాటు వాటి మూలమైన ఎఫ్ఎల్ఏ ఫైళ్లు పాత డిస్కుల్లో ఎక్కడైనా ఉన్నాయేమో వెదకండి. ఆట నడుస్తున్నప్పుడు తెరను వీడియోగా తీయండి. చుట్టూ ఉన్న పేజీలను వార్క్ రూపంలో భద్రపరచండి. వెబ్ పేజీల భాండాగారాలు విరివిగా వాడుతున్న ఆ ఫైలు రూపం 2009 నుంచి ఐఎస్‌ఓ 28500 ప్రమాణం.

అధికారులతో వాదించవలసి వస్తే, వెబ్ పుట్టిన ఐరోపా భౌతికశాస్త్ర పరిశోధనా కేంద్రం సెర్న్ అనుభవాన్ని చెప్పండి. ప్రపంచపు మొదటి వెబ్‌సైట్‌ను 2013లో దాని పాత చిరునామాలోనే తిరిగి నిలబెట్టాలని ఆ సంస్థ పూనుకున్నప్పుడు, పుట్టినచోటనే అయినా, చేతికందిన పాత నకలు 1992 నాటిది. అంతకు ముందరి రూపాలను ఎప్పటికప్పుడు సవరించుకుంటూ పోయారు గాని, అక్కడ దాచి ఉంచలేదు. సాంకేతికత చరిత్రను సేకరించే సంస్థ తన సొంత సాంకేతికతను చెత్తబుట్టలో వేయడం వింత కాదా? ఆ ఆటలకు నమోదు సంఖ్య ఇచ్చి సేకరణలో చేర్చవచ్చేమో మీ క్యూరేటర్‌ను అడగండి.

ప్రశ్న: ప్రదర్శనశాలలోని టచ్‌స్క్రీన్ కూడా నన్నే చేయమంటున్నారు. వెబ్‌సైట్ పరికరాలతోనే చేయవచ్చా?

జవాబు: నిస్సందేహంగా చేయవచ్చు, తెరనిండా తెరిచిన బ్రౌజరే చాలు. అయితే ఫైళ్లన్నీ ఆ యంత్రంలోనే ఉండాలి, నెట్‌వర్క్ పోయినా ఏదీ ఆగకూడదు. ఎవరూ తాకకుండా ఒకటి రెండు నిమిషాలు గడిస్తే మొదటి పేజీ దానంతటదే రావాలి. మౌస్ ఉండదు కనుక, దాన్ని పైకి తెస్తేనే కనిపించే వివరం ఏదీ పనికిరాదు. బొత్తాలు చక్రాల కుర్చీలో కూర్చున్నవారికీ, చిన్నపిల్లలకూ అందే ఎత్తులో, తెర కింది భాగంలో పెట్టండి. చాలాచోట్ల రాత్రి సిబ్బంది కంప్యూటర్‌ను పద్ధతిగా ఆపరు, గోడ దగ్గర స్విచ్చి ఆపేసి వెళ్లిపోతారు. అందుకే ప్రారంభానికి ముందు వారిలో ఒకరిని పిలిచి, స్విచ్చి ఆపి మళ్లీ వేయమనండి. మీరు చెయ్యి పెట్టకుండానే మొదటి పేజీ వచ్చేంతవరకు ఆ యంత్రాన్ని వారికి అప్పగించకండి.