కథ రాసుకోకండి, వరద తెచ్చి పెట్టండి

"నలుగురైదుగురు ఫ్రెండ్స్‌తో ఆన్‌లైన్‌లో కథల ఆట, అదే తలా ఒక పాత్ర వేస్తూ అందరూ కలిసి కథ అల్లుకునే ఆట, నడపాలని ఉంది. కథంతా ముందే రాసుకోవాలా? ఏ యాప్ మంచిది?" అని అడిగారు.

రాసుకోవద్దు. మీరు రాసుకున్న దారిలో ఒక్కరూ నడవరు. మీకు ఒళ్లు మండుతుంది, వాళ్లకు బోరు కొడుతుంది, నెల తిరక్కుండా గ్రూపు చల్లబడుతుంది. ఒక ఊరు, నలుగురు మనుషులు, తలా ఒక అవసరం, ఎవరి కోసమూ ఆగని ఒక ముప్పు ఉంటే చాలు.

మా ఆటలో ఆ ముప్పు 1986 ఆగస్టులో వచ్చిన గోదావరి వరద. అప్పుడు భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. 2022లో 71 అడుగులు దాటినా ఆ రికార్డును అందుకోలేదు. ఇప్పుడు అక్కడ 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు కదా, ఆ మెట్లనే ఆటలోకి తెచ్చుకున్నాను. రోజూ పొద్దున్నే నీటిమట్టం ఒక్క లైనులో పెట్టేదాన్ని, అంతే. 43 అన్నరోజు అందరూ జోకులేసుకున్నారు. 48 వచ్చేసరికి ఎవరి మూట వాళ్లు సర్దుకోవడం మొదలుపెట్టారు. నేను ఎవర్నీ తొందరపెట్టలేదు, నీళ్లే పెట్టాయి.

53 దాటిన రాత్రి జరిగింది చెప్తాను. ఒకే నాటు పడవ. అందులో సరంగు, టీచరు, పోస్టాఫీసు ఇనప్పెట్టెతో పోస్టుమాస్టరు. ఒడ్డున అచ్చమ్మ పాత్ర వేసే అమ్మాయి "గేదె లేకుండా నేను రాను. పలుపు పడవ వెనక కట్టి ఈదిస్తా" అని రాసింది. సరే, పాచికలు వెయ్యమన్నాను. రెండు మామూలు పాచికలే. 36 రకాలుగా పడతాయి కదా, అందులో 10, ఆపైన వచ్చేవి 6 మాత్రమే. అలా పడితే పని పూర్తిగా అయినట్టు. 7 నుంచి 9 దాకా వచ్చేవి 15, అప్పుడు పని అవుతుంది కానీ ఏదో ఒకటి పోతుంది. మిగతా 15 దెబ్బే. అసలు ఆటంతా ఆ మధ్య 15లోనే ఉంది, కావాలంటే ఆడి చూడండి.

ఆవిడకు 8 పడింది. "గేదె వస్తోంది. దాని బరువుకు పడవ వెనక్కి లాగుతోంది, అంచు నీళ్లకు జానెడు ఎత్తులో ఉంది. పలుపు కోస్తారా, పెట్టె వదిలేస్తారా?" అని రాసి ఊరుకున్నాను. ఇక చూడాలి వాదన! సరంగేమో పలుపు కోసెయ్యమంటాడు, టీచరేమో నోరులేని జీవమంటుంది. పోస్టుమాస్టరు పాత్ర డాలస్‌లో ఉండే అబ్బాయిది. తెల్లారేసరికి మెసేజ్ పెట్టాడు: "మనియార్డర్ల పుస్తకం చొక్కాలో దోపుకున్నాను. పెట్టె తోసేశాను." ఆ పెట్టె దిగువన ఎవరికి దొరికింది అన్నదే ఆ తర్వాత కథంతా. అది నా బుర్రలో పుట్టింది కాదు.

బుర్రకథలో హాస్యం చెప్పే వంత మధ్యలో అడ్డుపడి ప్రశ్న వేసినప్పుడే జనం ముందుకు జరుగుతారు. ఆటగాళ్లను ఆ వంతల్లాగే చూసుకోండి, అడ్డుపడనివ్వండి.

ఇంకో మాట. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ తరహా ఆటలకు ఊపొచ్చింది, కాదనను. అంతమాత్రాన మనవాళ్లు కూడా మరుగుజ్జులూ డ్రాగన్లూ పట్టుకుని వేలాడటం దేనికి? వందల పేజీల రూల్సు చదివేసరికే సగంమంది జారుకుంటారు. గోదావరి ఉండగా డ్రాగన్ ఎందుకండీ!

టైము సంగతి ముందే తేల్చుకోండి. డాలస్‌కూ మనకూ తేడా వేసవిలో పదిన్నర గంటలు, నవంబరు మొదటి ఆదివారం నుంచి పదకొండున్నర. అందరూ ఒకేసారి కాల్‌లో కూర్చోవాలంటే ఒకరికి నిద్ర చెడుతుంది, ఇంకొకరికి ఆఫీసు. అందుకే రాతలో ఆడటమే మేలు. రోజు గడిచినా జవాబు ఇవ్వనివాళ్ల పాత్ర పక్కవాళ్ల వెంట నడుస్తుందని మొదటి రోజే చెప్పెయ్యండి. చదివి కిమ్మనకుండా కూర్చునేవాళ్లకు ఇంతకన్నా మందు లేదు. తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేవాళ్లను కూడా మొదట్లోనే ఆపండి. వరద సీను అలా చదివితే కరెంటు బిల్లు మెసేజ్‌లా ఉంటుంది.

యాప్ అంటారా, డిస్కార్డ్ చాలు. కథకు ఒక ఛానెల్, కబుర్లకు ఇంకొకటి పెట్టండి. పాచికలు వేసిపెట్టే చిన్న ప్రోగ్రాములు, బాట్లంటారు, అందులో ఉంటాయి. వాట్సాప్‌లో మాత్రం వద్దు. పడవ మునిగేవేళకు ఎవరో ఒకరు గుడ్ మార్నింగ్ పువ్వు పెడతారు.