అమెరికా తొలినాళ్ల కరపత్రాలు, చర్చి ప్రసంగాలు, పత్రికలు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంతవరకు నమ్మాలి?

స్వతంత్రం వచ్చిన కొత్తలో అమెరికాలో అచ్చయిన రాజకీయ కరపత్రాలు, చర్చి ప్రసంగాలు, పత్రికలు చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, అందులో రాసింది ఎంతవరకు నమ్మొచ్చు అని అడిగారు. రెండు ప్రశ్నలకూ నా దగ్గర ఉన్నది ఒకటే జవాబు. దేన్నీ ఒంటరిగా చదవకండి. అప్పట్లో అచ్చయినవాటిలో చాలా భాగం ఇంకొకరికి చెప్పిన జవాబులే. ఆ ఇంకొకరిది పక్కన పెట్టుకోకపోతే మోసపోతాం. నేను మోసపోయాను, అందుకే ఇంత పెద్ద జవాబు రాస్తున్నాను.

న్యూజెర్సీకి వచ్చిన మూడో ఏడు ఇక్కడి ఒక కాలేజీలో సాయంత్రం పూట అమెరికా చరిత్ర క్లాసులో చేరాను. ఒక్కొక్కరం ఒక పాత కరపత్రం చదివి క్లాసులో మాట్లాడాలి. నేను మాథ్యూ కేరీ రాసినది తీసుకున్నాను. 1793 ఆగస్టు నుంచి నవంబరు దాకా ఎల్లో ఫీవర్ ఫిలడెల్ఫియాను ఊడ్చిపెట్టేసింది. అప్పటికి దేశ రాజధాని అదే. నాలుగైదు వేల మంది చనిపోయారు. ప్రెసిడెంట్ వాషింగ్టన్‌తో సహా వెళ్లగలిగినవాళ్లు చాలామంది ఊరు విడిచి వెళ్లిపోయారు. కేరీ ఐర్లండ్ నుంచి వచ్చిన ప్రింటరు. జ్వరం తగ్గుముఖం పట్టీ పట్టగానే ఆ కథంతా రాసి అచ్చేశాడు. జనవరికల్లా నాలుగు ముద్రణలు అయిపోయాయి. బాగా చదివిస్తుంది కూడా. చావుల లెక్కలున్నాయి, ఎవరు ఏం చేశారో ఉంది. అందులో ఒకచోట, నల్లవాళ్లలో కొందరు నీచులు రోగుల పక్కన కూర్చున్నందుకు రాత్రికి రెండు నుంచి ఐదు డాలర్ల దాకా గుంజారనీ, కొందరు ఇళ్లు దోచుకుంటూ పట్టుబడ్డారనీ రాశాడు.

ఆ ముక్క నేను క్లాసులో అలాగే చెప్పాను. అంకెలతో రాశాడు, అప్పుడు ఆ ఊళ్లోనే ఉన్నాడు, ఇంకేం కావాలి అనుకున్నాను. నేను కూర్చున్నాక లెక్చరర్ ఏమీ అనలేదు. వచ్చే వారం దీని గురించి కూడా చెప్పమని ఇంకో కరపత్రం జిరాక్స్ కాపీ చేతిలో పెట్టారు. అబ్సలమ్ జోన్స్, రిచర్డ్ అలెన్ కలిసి 1794 జనవరిలో కేరీకి ఇచ్చిన జవాబు అది. ఇద్దరూ బానిసలుగా పుట్టి, తర్వాత స్వేచ్ఛ పొందినవాళ్లు. ఇద్దరూ నల్లవారి చర్చిలు నిలబెట్టినవాళ్లు.

నల్లవాళ్లకు ఈ జ్వరం అంటదని డాక్టర్ బెంజమిన్ రష్ నమ్మాడు, వాళ్లను సాయానికి రమ్మని పత్రికలోనే పిలిచాడు. అది తప్పు నమ్మకం. 1792లో ఆ ఊళ్లో సమాధి అయిన నల్లవాళ్లు 67 మంది, 1793లో 305 మంది. ఈ లెక్క ఇచ్చింది జోన్స్, అలెన్‌లే. సేవకు వెళ్లినవాళ్లు ఎలా చనిపోయారో ఇంటి మనిషి పోయినట్టు చెబుతారు. ఒక ముసలామె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఒకాయనకు రాత్రింబవళ్లు సేవ చేసింది. కోలుకున్నాక నీకేం ఇవ్వమంటావని అడిగితే, ‘చలికాలంలో ఏదో ఒకరోజు ఒక పూట భోజనం పెట్టండయ్యా’ అందట. అక్కడి నుంచి ఇంకో ఇంటికి వెళ్లిపోయింది.

తర్వాత వాళ్లిద్దరి జమాఖర్చు. నాకు తెలిసినంతలో ఆ కాలపు రాతల్లో ఇంత బలమైన వాదన ఇంకొకటి లేదు. శవాలు తీసినందుకు, పరుపులు పాతిపెట్టినందుకు వచ్చిన డబ్బు 233 పౌండ్ల 10 షిల్లింగుల 4 పెన్స్. శవపేటికలకు పెట్టి తిరిగి రానిది 33 పౌండ్లు. ఐదుగురు కూలీలకు, ముగ్గురికి 70 రోజులు, ఇద్దరికి 63 రోజులు, ఇచ్చింది 378 పౌండ్లు. చేతి నుంచి పోయింది 177 పౌండ్ల 9 షిల్లింగుల 8 పెన్స్. నేను కాగితం మీద కూడి తీసేసి చూశాను, పైసా తేడా రాలేదు. దోపిడీ అన్న మాటకు వాళ్లు ముందు చూపించింది ఖాతా పుస్తకం. ఆ తర్వాతే నిలదీశారు: రోగులకు సాయం చేయడానికి ఏర్పాటైన కమిటీలో సభ్యుడైన కేరీ మధ్యలో ఊరు వదిలి వెళ్లాడు, ఈ పుస్తకం అమ్మి సంపాదించాడు అని. మీరు మా ఇద్దరినీ మాత్రం పేరుపెట్టి మెచ్చుకుంటే మిగతా పేదవాళ్ల మీద ఆ మచ్చ అలాగే ఉండిపోతుంది కదా అని కూడా అడిగారు. ఏప్రిల్‌లో కేరీ దీనికి మళ్లీ జవాబు అచ్చేశాడు, అదీ చదవండి. రెండో వారం క్లాసులో నా మొదటి వారం మాటలు వెనక్కి తీసుకున్నాను.

ఇది నాకు అంత గట్టిగా తగలడానికి ఇంకో కారణం ఉంది. తెనాలిలో మా నాన్నగారికి కాలితో తొక్కి నడిపే చిన్న ట్రెడిల్ ప్రెస్ ఉండేది. ఎన్నికలప్పుడు పొద్దున ఒక పార్టీ కరపత్రం కంపోజ్ చేసి అచ్చేసి, మధ్యాహ్నం ఆ అక్షరాలే విప్పి అరల పెట్టెలో సర్ది, సాయంత్రానికి అవే అక్షరాలతో ఎదుటి పార్టీ జవాబు కూర్చేవారు. చేతికి నల్ల ఇంకు ఆరకముందే రెండు వైపుల మాటలూ ఆయన చేతి మీదుగా పోయేవి. చిన్నప్పటి నుంచి అది చూసి కూడా ఇక్కడ ఒక వైపే చదివి లేచి మాట్లాడాను.

ఒకటి గుర్తుంచుకోండి. కరపత్రం అంటే మనకు ఒంటి కాగితం గుర్తొస్తుంది. అప్పటివి దారంతో కుట్టిన చిన్న పుస్తకాలు. 1776 జనవరిలో వచ్చిన టామస్ పెయిన్ ‘కామన్ సెన్స్’ కూడా అలాంటిదే, దాని మీద రచయిత పేరు లేదు. మన దగ్గర ఎన్నికల కరపత్రం మీద ప్రింటరు పేరు, చిరునామా ఉండాలని చట్టం. అక్కడ మారుపేర్లే మర్యాద. రాజ్యాంగాన్ని ఒప్పించడానికి 1787–88లో హామిల్టన్, మాడిసన్, జే అనే ముగ్గురు నాయకులు న్యూయార్క్ పత్రికల్లో రాసిన 85 వ్యాసాల కింద ఉన్న సంతకం ‘పబ్లియస్’. వాటినీ విడిగా చదవొద్దు. ‘బ్రూటస్’ అన్న పేరుతో రాజ్యాంగాన్ని వ్యతిరేకించిన వ్యాసాలున్నాయి, పక్కన పెట్టుకుంటే పబ్లియస్ ఎవరికి భయపడి ఏ మాట రాశాడో తెలుస్తుంది.

పత్రికల గొడవ ఇంకా వేడిగా ఉంటుంది. జాన్ ఫెన్నో పత్రిక ప్రభుత్వం వైపు. దానికి ఎదురుగా ఫిలిప్ ఫ్రెనో 1791లో పత్రిక పెట్టాడు, ఆయనకు అప్పటి విదేశాంగ మంత్రి జెఫర్సన్ తన శాఖలోనే ఏడాదికి 250 డాలర్ల అనువాదకుడి ఉద్యోగం ఇచ్చాడు. తర్వాత ఆ పోరు ప్రభుత్వాన్ని ఎదిరించిన ‘అరోరా’ పత్రిక నడిపిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ బేచ్ మీద పడింది, ఈయన ఫ్రాంక్లిన్ మనవడు. ఇవన్నీ ఊరూరా ఎలా పాకాయంటే పోస్టు వల్ల. 1792 చట్టం ప్రకారం పత్రికకు వంద మైళ్ల దాకా ఒక సెంటు, ఆ పైన ఒకటిన్నర. అదే ఉత్తరానికైతే ఆరు నుంచి పాతిక సెంట్లు. పత్రికలవాళ్లు ఒకరికొకరు పంపుకునే కాపీలకు అసలు ఖర్చే లేదు. కాబట్టి ఒక ఊళ్లో వచ్చిన తిట్టు రెండు వారాల్లో ఇంకో ఊళ్లో అక్షరం పొల్లు పోకుండా వచ్చేది. 1798 జులైలో సెడిషన్ చట్టం తెచ్చి ప్రభుత్వాన్ని తిడితే రెండేళ్ల దాకా జైలు, రెండు వేల డాలర్ల దాకా జరిమానా అన్నారు. వెర్మాంట్ రాష్ట్రం నుంచి కాంగ్రెస్ సభ్యుడైన మాథ్యూ లయన్‌ను జైల్లో పెడితే, జనం ఆయన జైల్లో ఉండగానే మళ్లీ గెలిపించారు. బేచ్‌ను ఆ చట్టం రాకముందే అరెస్టు చేశారు. విచారణ దాకా బతకలేదు. ఆ సెప్టెంబరులో ఎల్లో ఫీవర్ మళ్లీ వచ్చింది. 10న బేచ్, 14న ఆయన్ని ఏళ్ల తరబడి ఎదిరించిన ఫెన్నో, ఇద్దరూ దానితోనే పోయారు.

చర్చి ప్రసంగాలను మనవాళ్లు ఎక్కువగా వదిలేస్తారు, అది పొరపాటు. ఆదివారం చెప్పిన వాక్యం చాలాసార్లు విన్నవాళ్ల కోరిక మీద అచ్చుకు వెళ్లేది, పత్రికలు దాని మీద పోట్లాడుకునేవి. 1798 మే 9న ప్రెసిడెంట్ ఆడమ్స్ దేశమంతా ఉపవాస ప్రార్థన చేయమన్నాడు. ఆ రోజు బోస్టన్‌లో జెడిడయా మోర్స్ అనే పాస్టర్, ఇల్యుమినాటి అనే రహస్య సంఘం దేశంలోకి చొరబడిందని ప్రసంగించాడు. సేలంలో విలియం బెంట్లీ అనే ఇంకో పాస్టర్ ఆయన్ని ఎదిరించాడు. ఈ ఇద్దరి మధ్య నడిచింది చదివితే పుకారు ఎలా పుట్టి ఎలా పెరుగుతుందో కళ్లకు కడుతుంది. దానికి పూర్తిగా వేరే లోకం అబ్సలమ్ జోన్స్ 1808 జనవరి 1న చేసిన ప్రసంగం. బానిసలను ఓడల్లో దిగుమతి చేసుకోవడం ఆ రోజు నుంచే చట్టవిరుద్ధం. ఐగుప్తులో తన ప్రజల బాధను చూశానని దేవుడు మోషేతో చెప్పిన నిర్గమకాండం మాటతో మొదలుపెట్టాడు.

చదివేటప్పుడు మొదటి రోజు చిరాకు పెట్టేది ఒకటే: మాట మొదట్లో, మధ్యలో వచ్చే ‘ఎస్’ అక్షరం ‘ఎఫ్’లా కనిపిస్తుంది. నాలుగు పేజీలకు కన్ను అలవాటు పడిపోతుంది. ఎప్పుడైనా ఫిలడెల్ఫియా వస్తే మార్కెట్ స్ట్రీట్‌లో ఫ్రాంక్లిన్ కోర్ట్‌కు వెళ్లండి, అక్కడ పాతకాలం తరహా చెక్క ప్రెస్ మీద అచ్చేసి చూపిస్తారు. పక్క గుమ్మమే ‘అరోరా’ ఆఫీసు. ముందుగా మాత్రం కేరీని, వెంటనే జోన్స్, అలెన్‌లను చదవండి. రెండూ ఇంటర్నెట్లో ఉచితంగా దొరుకుతాయి.

ఆ జమాఖర్చు మొత్తం ఒకరోజు నాన్నగారికి ఫోన్లో చదివి వినిపించాను. అంతా విని ఆయన అడిగింది ఒక్కటే: ‘మరి దీని అచ్చు ఖర్చు ఎవరు పెట్టుకున్నార్రా?’ ముఖపత్రం అడుగున చూశాను. చెస్ట్‌నట్ స్ట్రీట్, 41వ నంబరు, విలియం వుడ్‌వర్డ్ ప్రెస్, ‘రచయితల కోసం అచ్చువేయబడింది’ అని ఉంది. అంటే అదీ వాళ్లదే అన్నారు నాన్న.