సంచకరువు నీ చేతిలో ఉంది, అమ్మలూ

బ్రాడీపేట, గుంటూరు

అమ్మలూ,

ఆదివారం ఆరాధన అయ్యాక నువ్వు ఫోన్లో అడిగినదానికి అక్కడికక్కడే జవాబు చెప్పలేకపోయాను. "పరలోకంలో స్వాస్థ్యం (వారసత్వం) ఉన్నదానివి, తెనాలి పక్కన ఎకరంన్నర కోసం తోబుట్టువులతో పేచీ ఎందుకని అన్నయ్య అంటున్నాడు మావయ్యా, నా వాటా వదులుకుంటూ సంతకం పెట్టేయనా?" అన్నావు. నీ గొంతు వణికింది. అప్పటినుంచి అదే ఆలోచన. ముప్పైనాలుగేళ్ళు రిజిస్ట్రారు ఆఫీసు ముందు కూర్చుని దస్తావేజులు రాసినవాణ్ణి. మన సంఘంలో పెద్దగా ఉన్నవాణ్ణి. ఈ రెండు అనుభవాలూ కలిపి రాస్తున్నాను.

ముందుగా, ఈ నెలలో సంతకం పెట్టకు. ఇవ్వాలా వద్దా అన్నది తర్వాత. బావ, అంటే మీ నాన్న, పోయి నలభై రోజులు కూడా కాలేదు. నువ్వు నైట్ డ్యూటీలు చేసి, పిల్లల పరీక్షల టెన్షన్‌లో ఉన్నావు. బైబిల్లో ఏశావు పొలంనుంచి అలసి వచ్చి, ఆ పూట ఆకలికి చిక్కుడుకాయల వంటకం తీసుకుని జ్యేష్ఠత్వం, అంటే పెద్దకొడుకు హక్కు, తమ్ముడికి ఇచ్చేశాడు. ఒంట్లో ఓపిక ఉన్నరోజు అడిగితే ఇచ్చేవాడు కాదేమో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. హక్కు విడుదల దస్తావేజు మీద వేలిముద్ర వేసి, బయటికొచ్చి చెట్టుకింద కూర్చుని ఏడ్చిన ఆడపిల్లల్ని చాలామందిని చూశాను. వాళ్ళలో ఎక్కువమంది ఎవరో బలవంతం చేస్తే వేసినవాళ్ళు కారు. అలసిపోయి వేశారు.

ఇక చట్టం సంగతి. బావ వీలునామా రాయలేదు. అలాంటప్పుడు క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. భార్యకు మూడో వంతు, మిగిలిన రెండు వంతులు పిల్లలందరికీ సమానంగా. కొడుకని ఎక్కువ లేదు, పెళ్ళయిన కూతురని తక్కువ లేదు. కట్నం ఇచ్చాం కదా అన్న మాటకు అక్కడ చోటు లేదు. ఆస్తిని తొమ్మిది వాటాలు చేస్తే అమ్మకు మూడు, మీ ముగ్గురికీ రెండేసి. అమ్మ వాటా సంగతి మీ అన్నదమ్ములు ఎత్తడమే లేదు చూశావా? నీ వాటాకంటే ముందు దాని గురించి అడుగు.

స్వాస్థ్యం పేరు చెప్పి నిన్ను నోరెత్తనివ్వకపోవడం నాకు బాధగా ఉంది. పరలోక స్వాస్థ్యం మీద అంత నమ్మకం ఉన్నవాడు తన వాటా వదులుకోవచ్చు. చెల్లెలి వాటా వదిలించడానికి ఆ వాక్యం వాడకూడదు. సంఖ్యాకాండం 27వ అధ్యాయం తీసి చదువు. సెలోపెహాదుకు కొడుకులు లేరు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అనే అయిదుగురు కూతుళ్ళు మోషే ముందు, సమాజమంతటి ముందు నిలబడి మా నాన్న పేరు ఎందుకు పోవాలి, మాకూ భూమి ఇవ్వండి అని అడిగారు. వాళ్ళు చెప్పింది యుక్తమని దేవుడే అన్నాడు. ఆ అయిదు పేర్లూ బైబిల్లో ఒకచోట కాదు, మళ్ళీ మళ్ళీ వస్తాయి. అడగడం అత్యాశ అయితే ఆ పేర్లు అలా రాసిపెట్టి ఉండేవి కావు.

అయితే లూకా 12 కూడా ఉంది. పిత్రార్జితంలో నా పాలు పంచమని మా అన్నతో చెప్పు అని ఒకడు అడిగితే, నన్ను మీకు పంచిపెట్టేవాడిగా ఎవరు నియమించారు అని యేసు ప్రభువు అన్నాడు. ఆ వెంటనే లోభం గురించి హెచ్చరించాడు. వాడి లెక్క న్యాయమో కాదో ఆయన చెప్పలేదు. వాడి మనసు ఎక్కడ చిక్కుకుందో చూశాడు.

నా మనసు ఎక్కడ చిక్కుకుందో నీకు తెలియదు, నువ్వు అప్పటికి చిన్నపిల్లవి. మా ఇంటి పక్క సందు మూడడుగులు నాదని నేనూ మా తమ్ముడూ గొడవపడ్డాం. కాగితాలు నావైపే ఉన్నాయి. గోడ కట్టాను. పదకొండేళ్ళు ఇద్దరం ఒకే గుళ్ళో, వాడు కుడివైపు, నేను ఎడమవైపు. ప్రభురాత్రి భోజనపు బల్లకు వెళ్ళేటప్పుడు వాడు లేచాడంటే నేను ఆగేవాణ్ణి. వాడికి జబ్బు చేసి మంచం పట్టాక వెళ్ళి కాళ్ళ దగ్గర కూర్చున్నాను. అప్పటికి వాడికి మాట సరిగా రావడం లేదు. గోడ ఇప్పటికీ ఉంది. అందుకే చెబుతున్నాను: అడుగు, కానీ నాలాగా అడగకు.

మరి ఎలా అడగాలి? నాకు తెలిసిన జవాబు ఎఫెసీ పత్రిక మొదటి అధ్యాయంలో ఉంది. పరిశుద్ధాత్మ మన స్వాస్థ్యానికి సంచకరువు అని పౌలు రాశాడు. ఆ మాట ఈ రోజుల్లో ఎవరూ వాడరు, ఆదివారం చదివి దాటిపోతాం. సంచకరువంటే బయానా. మూలంలోని గ్రీకు మాట అర్రబోన్ కూడా వ్యాపారుల మాటే. బేరం ఖాయం చేసుకుంటూ ముందే చేతిలో పెట్టే సొమ్ము. బయానా మొత్తం సొమ్ము కాదు, కానీ అందులో భాగమే. నకలు కాదు, బొమ్మ కాదు. మిగిలింది వస్తుందనడానికి ఇచ్చినవాడి మాట పూచీ. నా వృత్తిలో బయానా అందుకున్న మనిషిని నడకలోనే గుర్తుపట్టేవాణ్ణి. అప్పటికి రిజిస్ట్రేషన్ కాకపోయినా, ఆ రాత్రి వాడు నిద్రపోతాడు.

ఇంకో సంగతి. వారసత్వం జీతం కాదు. పనిచేసి సంపాదించలేం, పుట్టినందుకో దత్తత తీసుకున్నందుకో వస్తుంది. రోమా పత్రికలో దత్తపుత్రాత్మ అన్నది అందుకే. కొలొస్సయి పత్రిక మూడో అధ్యాయంలో, ప్రభువువల్ల స్వాస్థ్యం పొందుతారు, ఏ పని చేసినా మనస్ఫూర్తిగా చేయండి అని పౌలు చెప్పింది ఎవరితోనో తెలుసా? దాసులతో. ఆనాటి రోమా చట్టంలో సొంత ఆస్తే లేనివాళ్ళతో. రాత్రి రెండింటికి వార్డులో పక్షవాతం వచ్చిన ముసలాయన దుప్పటి మారుస్తూ నువ్వు విసుక్కోకుండా ఉన్నావే, అది ఆ వాక్యమే. ఈమధ్య కొన్ని మీటింగుల్లో స్వాస్థ్యమంటే ప్లాటు, కారు, వీసా అన్నట్టు చెబుతున్నారు. నాకది మింగుడు పడదు. రోమా పత్రికలో క్రీస్తుతోడి వారసులమని చెప్పిన నోటితోనే, ఆయనతో శ్రమపడినయెడల అని కూడా పౌలు అన్నాడు.

నువ్వు పుట్టింది కుగ్లర్ ఆస్పత్రిలో. అన్నా సారా కుగ్లర్ అనే డాక్టరమ్మ 1883లో అమెరికానుంచి గుంటూరు వచ్చి, 1898లో ఆ ఆస్పత్రి తెరిచి, 1930లో ఇక్కడే కన్నుమూసింది. ఆవిడకూ మనకూ రక్తసంబంధం లేదు, దస్తావేజు లేదు. అయినా మీ అమ్మ నిన్ను క్షేమంగా కన్నది ఆవిడ వదిలిన చోట. నర్సు డ్రెస్ వేసుకున్నప్పుడల్లా నువ్వు ఆవిడ వారసురాలివని నేను మనసులో అనుకుంటాను, ఎప్పుడూ పైకి చెప్పలేదు.

కాబట్టి పొద్దున్నే ఫోన్ చూడకముందు పదహారో కీర్తన చదువు. "శ్రేష్ఠమైన స్వాస్థ్యము నాకు కలిగెను" అన్నచోట ఆగు. ఆ మాట నిజమని లోపల కుదుటపడ్డ రోజునే అన్నయ్యతో మాట్లాడు. కుదుటపడకపోతే ఆ రోజు మాట్లాడకు. వాట్సాప్ గ్రూపులో భూమి మాట ఎత్తకు, ఎదురుగా కూర్చునే మాట్లాడు. నెలకోసారైనా అమ్మ దగ్గరికి వెళ్ళు, వెళ్ళినరోజు వాటాల సంగతి తీయకు. పిల్లలకు ఈ గొడవ తెలిసిపోయే ఉంటుంది, పిల్లలు అన్నీ వింటారు. వాళ్ళముందు మేనమామల్ని తిట్టకు. పౌలు శిష్యుడు తిమోతి విశ్వాసం అవ్వ లోయినుంచి, తల్లి యునీకేనుంచి వచ్చింది. నీ పిల్లలకు ఎకరం ముక్క ఎంత అందుతుందో నాకు తెలియదు గానీ, ఈ ఏడాది నీ నోట విన్నది మాత్రం అందుతుంది.

అన్నీ తేలాక నీ వాటాలో కొంత తమ్ముడికి వదులుకుంటానంటే, వాడి వ్యాపారం దెబ్బతిన్నది నిజమే, నేను అడ్డుచెప్పను. నాది అని తెలిసి ఇచ్చేది దానం. ఆ దస్తావేజు నేనే రాసిపెడతాను.

వచ్చే శనివారం మీ అన్నయ్యను మా ఇంటికి రమ్మన్నాను. పాస్టరు అయ్యగారు కూడా వస్తారు. నువ్వు పొద్దున బస్సుకి వచ్చేయ్. పాసుపుస్తకం జిరాక్సు, బావ మరణ ధ్రువపత్రం పట్టుకురా. అమ్మను ముందురోజే తీసుకొచ్చి మా దగ్గర ఉంచుకుంటాం. మీ అత్తయ్య గోంగూర చేస్తానంటోంది. భోజనం అయ్యాకే కాగితాలు తీద్దాం.

మీ మావయ్య