గుర్రాల చదువు కోసం మామిడితోట తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: అక్కా, మాది తిరుపతి. ఇంటర్ బైపీసీ అయిపోయింది, నీట్‌లో వచ్చిన ర్యాంకుకి వెటర్నరీ సీటు రాలేదు. చిన్నప్పటి నుంచి గుర్రాలంటే నాకు పిచ్చి. ఐర్లండ్‌లో ఈక్వైన్ సైన్స్ నాలుగేళ్లు చదివితే గుర్రాల డాక్టర్ అయిపోవచ్చు, పార్ట్‌టైమ్ చేసుకుంటే ఖర్చులన్నీ వెళ్లిపోతాయి అని ఇక్కడి కన్సల్టెన్సీ వాళ్లు చెబుతున్నారు. దామలచెరువు దగ్గర మాకున్న మామిడితోట మీద లోను తీస్తానని నాన్న అంటున్నాడు. మీరున్న ఐర్లండ్‌కి వచ్చేయమంటారా?

జవాబు: చెల్లీ, గుర్రం సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ మామిడితోట సంగతి తేలాలి. తోతాపురి కిలో ఏ ఏడు ఎంత పలుకుతుందో మీ నాన్నకే తెలియదు, 2025లో ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు ఎట్లా బారులు తీరాయో నువ్వూ చూసే ఉంటావు. అలాంటి తోట మీద యూరోల్లో ఖర్చయ్యే చదువుకి అప్పు తీయడమంటే అది నీ ఒక్కదాని నిర్ణయం కాదు.

కన్సల్టెన్సీ వాళ్లు చెప్పిన మొదటి మాటే తప్పు. ఈక్వైన్ సైన్స్ చదివిన వాళ్లు గుర్రాల డాక్టర్లు కారు. డాక్టర్ కావాలంటే వెటర్నరీ డిగ్రీ చేయాలి, ఇక్కడ ఐర్లండ్‌లో దానికి డబ్లిన్‌లో యూసీడీ అనే యూనివర్సిటీ ఉంది, ఆ ఫీజు కాగితం చూస్తే మీ నాన్న తోట కాదు, పక్కవాళ్ల తోట కూడా అమ్మాలి. లిమరిక్ యూనివర్సిటీలో ఉన్న నాలుగేళ్ల ఈక్వైన్ సైన్స్‌లో గుర్రం శరీరం ఎట్లా పనిచేస్తుంది, ఏం మేపాలి, ఈనించడం ఎట్లా, పరుగుకి ఎట్లా తయారుచేయాలి, వ్యాపారం ఎట్లా నడుస్తుంది, ఇవి చెబుతారు, మధ్యలో ఫారంలోనో కంపెనీలోనో పని చేసే ప్లేస్‌మెంటు కూడా ఉంటుంది. మంచి చదువే, నేనేమీ కాదనను. దాంతో స్టడ్ ఫారాలు (గుర్రాల్ని ఈనించి పెంచే చోట్లు), రేసు ట్రైనర్ల లాయాలు, దాణా కంపెనీలు, వేలం సంస్థలు, ల్యాబుల్లో ఉద్యోగాలు దొరుకుతాయి. కానీ ఊళ్లో అందరికీ ‘మా పాప గుర్రాల డాక్టరు’ అని మీ నాన్న చెప్పేసుకుంటే రేపు మాట పడేది ఆయనే.

ఇప్పుడు నా సంగతి. మాది పలమనేరు వైపు. ఇంట్లో జెర్సీ ఆవులు, పొద్దున్నే పాల కేంద్రానికి క్యాన్లు మోసిన దాన్ని, తర్వాత తిరుపతిలో బీవీఎస్సీ, అంటే వెటర్నరీ డిగ్రీ చేశాను. అమ్మ నగలు బ్యాంకులో పెట్టి ఇక్కడికి మాస్టర్స్‌కి వచ్చాను. పశువుల గురించి నాకు ఒకరు చెప్పేదేముందిలే అనే ధీమా ఉండేది. ఇక్కడికొచ్చాక మొదట చేసిన పని, నగరం నడిబొడ్డున, యూనివర్సిటీకి దగ్గరగా గది తీసుకోవడం. తెలుగు పిల్లలు ముగ్గురున్నారు, అన్నం కలిసి వండుకోవచ్చు, అద్దె పంచుకోవచ్చు, ఇంకేం కావాలి అనుకున్నాను. కంప్యూటర్లు చదివే వాళ్లకి అది సరిపోతుంది. గుర్రాలు మాత్రం నగరంలో ఉండవు కదా! పని దొరికిన స్టడ్ ఫారం ఊరి బయట, బస్సు దిగాక ఇంకా చాలా దూరం, రెండు పక్కలా ముళ్లకంచెలు, ఫుట్‌పాత్ లేని సన్నటి రోడ్డు. పొద్దున ఏడింటికల్లా లాయంలో ఉండాలి. ఆ వేళకి బస్సు లేదు. టాక్సీ ఎక్కితే సగం రోజు కూలి దానికే పోయేది. సరేనని పాత కారు ఒకటి చవగ్గా కొన్నాను, ఇన్సూరెన్స్ అడిగితే కారు ధర కంటే ఎక్కువ చెప్పారు! మన ఇండియా లైసెన్సు ఇక్కడి లైసెన్సుగా మార్చివ్వరు, మళ్లీ లర్నర్ పర్మిట్, క్లాసులు, టెస్టు, అన్నిటికీ డబ్బులే. ఆ కారు గడ్డిలో నిలబడి తుప్పు పడుతుంటే, నేను ఫారం వాళ్ల పాత క్యారవాన్‌లోకి మారిపోయాను. అక్కడ అద్దె కొంచెమే కానీ వేడి కోసం కరెంటు హీటర్ పెడితే ఆ బిల్లు నా మీదే, కాబట్టి రెండు జతల సాక్సులు, స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని పడుకునేదాన్ని. అమ్మకి మాత్రం ‘ఫారం వాళ్లు ఇల్లిచ్చారు’ అని చెప్పాను, అబద్ధమేమీ కాదు కదా.

ఇక ఆవుల తెలివి ఎంతవరకు పనికొచ్చిందో చెబుతాను. ఆడగుర్రాలు ఎక్కువగా రాత్రిపూటే ఈనుతాయి, అందుకే జనవరి నుంచి మే దాకా స్టడ్ ఫారాల్లో రాత్రి కాపలా ఉంటుంది. ఉత్తరార్ధగోళంలో థరోబ్రెడ్ అనే రేసు గుర్రాల జాతి పిల్లలన్నిటికీ పుట్టినరోజు జనవరి 1 కిందే లెక్క, కాబట్టి ఏడాది మొదట్లో పుడితేనే లాభం, కడుపు పదకొండు నెలలు, ఆ లెక్కలన్నీ దాని చుట్టే తిరుగుతాయి. నాకు దొరికింది ఆ కాపలా పనే. చనుమొనల మీద మైనంలాగా పాలు గడ్డకట్టి కనిపిస్తే ఇంక ఎక్కువ టైము లేదని చెప్పారు. ఆవు ఈనేటప్పుడు మనం ఏం చేస్తాం, టీ తాగి, పక్కింటాయన్ని పిలుచుకొచ్చి, తాడు వెతుక్కుని, అవసరమైతే లాగుతాం. నేనూ అలాగే నిదానంగా గ్లవ్స్ వేసుకుంటున్నాను. గుర్రానికి ఉమ్మనీరు పోయాక అరగంటలోపే పిల్ల బయటపడిపోవాలి. ఆ రాత్రి తెల్లటి పొర రావాల్సిన చోట ఎర్రగా, ముఖమల్ గుడ్డలాంటి సంచి ముందుకొచ్చింది. నేను అదేదో మామూలే అనుకుని చూస్తున్నాను. నాతో ఉన్న ముసలాయన నన్ను పక్కకి నెట్టి, కత్తెరతో దాన్ని చీల్చి, పిల్ల ముందుకాళ్లు పట్టుకుని లాగేశాడు. మాయ ముందే ఊడిపోతే లోపల పిల్లకి ఆక్సిజన్ అందదు, నిమిషాల్లో పోతుంది. దాన్ని వాళ్లు రెడ్ బ్యాగ్ అంటారు, బీవీఎస్సీ పుస్తకంలో నేను చదివిన పేజీయే అది, పరీక్షలో మార్కులు కూడా వచ్చాయి.

ఆ పిల్ల గంటలోపు లేచి నిలబడింది, రెండు గంటల్లోపు పాలు తాగింది. అప్పటిదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్న ఆయన, దాని తండ్రి స్టాలియన్ (ఈత కోసం వాడే మగగుర్రం) ఫీజు ఎంతో చెప్పాడు. ఇంగ్లండ్‌లో ఫ్రాంకెల్ అనే స్టాలియన్‌కి 2024లో ఒక్క జతకట్టుకి ఫీజు 3,50,000 పౌండ్లు. మా పిల్ల తండ్రి ఆ స్థాయి కాకపోయినా, ఆ ఫీజు పలమనేరులో మా ఇంటి ధర. దాన్ని పట్టుకుని కూర్చున్న నాకు గంటకి కనీస వేతనం. ఈ రంగంలో డబ్బు గుర్రానికి ఉంటుంది, లద్దె ఎత్తేవాళ్ల దగ్గర ఉండదు. ఇది మీ నాన్నకి చదివి వినిపించు.

లెక్క కూడా వేసి చూపిస్తాను, ఎందుకంటే పార్ట్‌టైమ్‌తో వెళ్లిపోతుంది అనే మాట నమ్మి వచ్చే పిల్లలు ఏటా మా ఇంటికి ఫోన్ చేస్తూనే ఉన్నారు. 2025లో ఇక్కడ కనీస వేతనం గంటకి 13.50 యూరోలు. కానీ పద్దెనిమిదేళ్ల వాళ్లకి అందులో 80 శాతం ఇస్తే చాలని చట్టం, అంటే ఆ ఏటి లెక్కన నీకు 10.80. క్లాసులున్నప్పుడు స్టూడెంట్లు వారానికి 20 గంటలే పని చేయాలి, అంటే 216 యూరోలు. గది అద్దె ఇప్పుడు నెలకి 700 దాకా కడుతున్నారు నాకు తెలిసిన పిల్లలు. తిండి, ఫోను, ఏటా ఇమిగ్రేషన్ రిజిస్ట్రేషన్‌కి 300. ఏదో బొటాబొటిగా బతుకుతావు, ఫీజులోకి మాత్రం ఒక్క యూరో రాదు. పైగా ఇంకో తిరకాసు ఉంది, ఇది కన్సల్టెన్సీ వాళ్లకి తట్టే ప్రసక్తే లేదు. వారానికి 40 గంటలు చేసుకోమని అనుమతి ఉండేది జూన్ నుంచి సెప్టెంబర్ దాకా, మళ్లీ డిసెంబర్ 15 నుంచి జనవరి 15 దాకా. ఫారాల్లో మనుషులు చాలక అల్లాడేది ఫిబ్రవరి నుంచి మే దాకా! నీకు పని దొరికినప్పుడు గంటలుండవు. ఇక్కడి ఎండాకాలంలో వేలాలకి ఏడాది వయసు గుర్రప్పిల్లల్ని తయారుచేసే పని ఉంటుంది, రోజూ నడిపించడం, రుద్దడం, మనుషుల ముందు కుదురుగా నిలబడటం నేర్పడం, అది పట్టుకోగలిగితే కాస్త చేతికి వస్తుంది. మిగతా వీసా నిబంధనలు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉన్నాయి, అవి అక్కడే చూసుకో, మారుతూ ఉంటాయి.

చదువయ్యాక డిగ్రీ వాళ్లకి ఒక ఏడాది, మాస్టర్స్ వాళ్లకి రెండేళ్ల దాకా ఉద్యోగం వెతుక్కునే వీలిస్తారు. తర్వాత వర్క్ పర్మిట్ కావాలి, దానికి ఏడాది జీతం ఇంతకి తగ్గకూడదని ఒక గీత ఉంటుంది. లాయాల్లో చాలా కొలువులకి ఇచ్చే జీతం ఆ గీత దాకా రాదు. నాతో చదివిన పిల్లలు ఇద్దరు అక్కడే ఆగిపోయారు, తెలివి లేక కాదు. నేను రాత్రి కాపలా మానేసి దాణా లెక్కల వైపు జరిగాను, అయిదొందల కిలోల గుర్రానికి రోజుకి ఎంత గడ్డి, ఎంత గింజ, ఏది ఎక్కువైతే గిట్టలకి లామినైటిస్ అనే వాపు జబ్బు వస్తుంది, ఇవి చెప్పే ఉద్యోగం. ఇప్పుడు కిల్డేర్‌లో ఇల్లు కొన్నాను, నగలు విడిపించి అమ్మ చేతిలో పెట్టాను. ఎవరి పూచీకత్తు లేకుండా బ్యాంకువాడు నాకు లోనిచ్చాడు, ఊరికే గొప్ప చెప్పుకోవడం లేదు, కానీ చెప్పుకోవాల్సిన విషయమే.

అయితే నిన్ను రావద్దు అంటున్నానా? ఇప్పుడు రావద్దు. తిరుపతిలోనే ఏదైనా డిగ్రీ కాలేజీలో బీఎస్సీ జువాలజీ చెయ్యి, లేదా ఇంకోసారి నీట్ రాసి వెటర్నరీ పట్టు, అది వస్తే అంతకంటే చవకైన దారి ప్రపంచంలో లేదు. మధ్యలో సెలవులకి బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో రైడింగ్ స్కూల్‌లో చేరి లద్దె ఎత్తు. టూరిస్టు గుర్రం మీద ఫొటో దిగడం, బ్రహ్మోత్సవాల్లో అశ్వవాహనం చూసి దండం పెట్టుకోవడం, ఇవి వేరు. తెల్లవారుజామున చలిలో గుర్రం వెనక కాలెత్తి, మడమ నుంచి ముందుకి గిట్టలోని మట్టి గోకి, కుళ్లు వాసన వస్తుందేమో చూడటం వేరు. ఆ పని ఒక సీజన్ చేశాక కూడా ఈ పిచ్చి తగ్గకపోతే అప్పుడు నాకు రాయి.

అప్పుడు కూడా నాలుగేళ్ల కోర్సు కాకుండా వేరేవి చూడు. కిల్డేర్‌లోని ఐరిష్ నేషనల్ స్టడ్‌లో జనవరిలో మొదలై ఆరు నెలలు నడిచే బ్రీడింగ్ కోర్సు ఉంది, సరిగ్గా గుర్రాలు ఈనే సీజన్‌లోనే, అక్కడే ఉండి చేతుల్తో నేర్చుకుంటావు. గొడాల్ఫిన్ ఫ్లయింగ్ స్టార్ట్ అని ఇంకోటి, రెండేళ్లు, ఏటా పన్నెండు మందినే తీసుకుంటారు, ఖర్చు వాళ్లే పెట్టుకుంటారు, దేశదేశాలు తిప్పుతారు. పోటీ మామూలుగా ఉండదు, అయినా అప్లికేషన్ పెట్టుకుంటే పోయేదేముంది. అమెరికా అయితే కెంటకీలో లెక్సింగ్టన్, ఇంగ్లండ్ అయితే హార్ట్‌పురీ, న్యూమార్కెట్ చుట్టుపక్కల చూడు. అన్ని చోట్లా ఫీజు కంటే ముందు ఒక్కటే అడుగు: మీ దగ్గర చదివిన ఇండియా పిల్లలు ఇప్పుడు ఎక్కడ, ఏ పర్మిట్ మీద, ఎంత జీతానికి పని చేస్తున్నారు అని. జవాబు దాటేస్తే ఆ కోర్సు వదిలెయ్.

ఒంటరితనం గురించి కూడా అడుగుతావేమో, అది ఎలాగో సర్దుకుంటుంది, ఇక్కడి లాయాల్లో హైదరాబాద్, రాజస్థాన్ నుంచి వచ్చిన మన కుర్రాళ్లు చాలామంది ఉన్నారు, ఆదివారం కోడికూరకి పిలుస్తారు. అప్పు మాత్రం పిలవకుండానే వస్తుంది.

కన్సల్టెన్సీకి అడ్వాన్సు కట్టారో లేదో నువ్వు రాయలేదు. కట్టుంటే ఆ రసీదు, వాళ్లిచ్చిన కాగితం తీసి చూడు, వీసాకి ముందు మానుకుంటే ఎంత వెనక్కిస్తారో, ఏ తేదీలోపు అడగాలో అందులో ఉంటుంది. ఆ తేదీ దాటకముందే నాన్నని తీసుకుని వెళ్లు, నోటిమాటతో కాకుండా రాతపూర్వకంగా అడుగు, కాపీ ఒకటి ఉంచుకో.